లక్ష్మివారం మైకు

మా ఊళ్ళో సంత లక్ష్మివారం, అంటే గురువారం, జరిగేది. కోనసీమలో మాది కాలువ గట్టు ఊరు. వంతెన దిగగానే ఎడమ చేతి వైపు పంచాయతీ ఖాళీ జాగా ఉండేది, సంత అక్కడే పొద్దున్నే మొదలై మధ్యాహ్నం మూడింటికల్లా అయిపోయేది. కంద దుంపలు, పనసకాయలు, ఎండుచేపలు, గాజుల బళ్ళు అన్నీ వెళ్ళిపోయాక ఊడ్చి, నీళ్ళు చల్లి, చీకటి పడేసరికి అదే చోట ఒక మైకు నిలబెట్టేవాళ్ళు. పాడాలనుకున్న వాళ్ళెవరైనా వచ్చి పాడొచ్చు. నది మధ్య లంకల నుంచి సంతకొచ్చినవాళ్ళు ఆఖరి పంటి (రేవు దాటించే పడవ) వెళ్ళిపోతుందని తెలిసి కూడా ఉండిపోయేవాళ్ళు, ఆ రాత్రికి ఎవరో చుట్టాలింట్లో తల దాచుకుని పొద్దున్నే రేవు దాటేవాళ్ళు. 1980ల మధ్యలో మొదలైంది, పదేళ్ళకు పైనే నడిచింది. ఈమధ్య హైదరాబాదులో కాఫీ షాపుల్లో ఓపెన్ మైక్ అని పెడుతున్నారు, మా అమ్మాయి కూడా వెళ్తుంటుంది, అక్కడ గిటార్లు పట్టుకుని పాడే పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అలాంటిది మా ఊళ్ళో వారం వారం జరిగేదని చెప్తే అది నోరు తెరుచుకుని వింది. అందుకే గుర్తున్నంత వరకు రాసి పెడదామని కూర్చున్నాను.

మైకు పెట్టింది మైకుసెట్టు బాబాయి. వంతెన పక్కనే షాపు. అహూజా ఆంప్లిఫయరు, నాలుగు బాకాలు, రెండు మైకులు, గ్రామఫోన్ ప్లేయరు, తర్వాత్తర్వాత ఒక టేప్‌రికార్డరు, కాసిని సీరియల్ లైట్లు, అదీ ఆస్తి. పెళ్ళిళ్ళకీ, తీర్థాలకీ, ఎలక్షన్లకీ అద్దెకిచ్చేవాడు. ఆషాఢంలోనూ, మూఢం వచ్చినప్పుడూ ముహూర్తాలుండవు కదా, సామానంతా షాపులోనే పడుండేది. మాది సముద్రానికి దగ్గర, ఉప్పుగాలి. కొన్నాళ్ళు వాడకపోతే వైర్ల చివర్లు చిలుం పట్టేస్తాయి, బాకా లోపల యూనిట్ గరగరమంటుంది. అందుకని ఖాళీ రోజుల్లో వారానికోసారి అన్నీ బయటపెట్టి కాసేపు ఆడించేవాడు. అలా ఆడిస్తున్న ఒక సాయంత్రం, సంతలో ఎండుచేపలమ్ముకునే పెద్దాయన ఒకాయన వచ్చి, “అబ్బాయ్, ఆ రికార్డు ఆపి నన్నో పాట పాడుకోనిత్తావా” అని అడిగాడట. పాడింది ఒక తత్వం. చేతిలో ఏకతార కూడా లేదు, తొడ మీద తాళం వేసుకుంటూ పాడాడట. మూటలు నెత్తికెత్తుకున్న వాళ్ళు దింపేసి నిలబడిపోయారట. ఆ వారం నేను లేను, ఈ కథ బాబాయి నోట విన్నదే. తర్వాతి లక్ష్మివారం ఆయనతో పాటు ఇంకొకాయన వచ్చాడు, ఆ పైవారం ఒక క్లారినెట్ వచ్చింది, అలా అలవాటైపోయింది. ముహూర్తాలున్న రోజుల్లో కూడా లక్ష్మివారం సాయంత్రానికి ఒక మైకూ ఒక బాకా ఊళ్ళో ఉండేలా చూసుకునేవాడు. మంచి బేరం వచ్చినా సగం సెట్టే పంపించిన రోజులున్నాయి.

షాపు గుమ్మానికి ఒక పలక వేలాడుతూ ఉండేది. పాడేవాళ్ళు దాని మీద సుద్దతో పేరు రాసుకోవాలి, రాయడం రానివాళ్ళకి మాలాంటి స్కూలు పిల్లలం రాసిపెట్టేవాళ్ళం. మనిషికి రెండు పాటలు. మూడోది కావాలంటే అందరి వంతూ అయ్యాకే. ఈ ఒక్క విషయంలో బాబాయి ఎవరి మాటా వినేవాడు కాదు. ఒకసారి రాయబారంలో కృష్ణుడి వేషం కట్టే పేరున్న ఆర్టిస్టు ఒకాయన మా వైపు నాటకానికి వచ్చి, సంగతి తెలిసి వంతెన దగ్గరికి వచ్చారు. ఊరి పెద్దలు ఆయన్ని ముందు పాడించమన్నారు. అప్పటికి వంతు వచ్చింది కొబ్బరి దింపు తీసే కుర్రాడికి. “ఈ కుర్రోడి తర్వాత ఇంకిద్దరున్నారండి, ఆ తర్వాత వారేనండి, ఆయ్” అని చేతులు కట్టుకుని చెప్పాడు బాబాయి, అంతే, కదల్లేదు. ఆ పెద్దమనిషి ఏమీ అనుకోకుండా బెంచీ మీద కూర్చుని ఆ కుర్రాడి పాటకి తాళం వేశారు. తర్వాత ఆయన పద్యం ఎత్తుకుని ఆ చివరి రాగం తీస్తుంటే బాబాయి మైకు కట్టేశాడు, అవసరం లేకపోయింది. కాలువ అవతలి గట్టు మీద నుంచి వన్స్‌మోర్ అని కేకలు.

ఇందులో ఇంకో సంగతి ఉంది, చెప్పకుండా దాటేస్తే అన్యాయం. మా రామాలయంలో శనివారం శనివారం భజన జరిగేది. అదీ బాగుండేది, నేను చిడతలు పట్టింది అక్కడే. కానీ అక్కడ ఎవరు లోపల కూర్చోవాలి, ఎవరు బయటే ఆగిపోవాలి అన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన విషయం. పేటలో చర్చిలో డోలక్ వాయించే అన్న ఒకాయన ఉండేవాడు, అలాంటి చెయ్యి భజన గోష్ఠిలో ఎవరికీ లేదు, ఆయన రామాలయంలో వాయించడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. సంత జాగాలో అదే అన్న క్రైస్తవ కీర్తనకీ వాయించాడు, భద్రాద్రి రామదాసు కీర్తనకీ వాయించాడు, అమ్మవారి గరగలు ఎత్తేవాళ్ళ డప్పుతో పోటీ పడీ వాయించాడు. భజన గోష్ఠి పెద్దలే కుర్చీ ముందుకి లాక్కుని, “ఆ నడక ఇంకోసారి వెయ్ అబ్బాయ్” అని అడిగి వేయించుకునేవాళ్ళు. దాంతో ఊరు మారిపోయిందని అనను. లక్ష్మివారం రాత్రి ఆ మూడు గంటలు మాత్రం పలక మీద వరస తప్ప ఇంకో వరస నడవలేదు. నాకు ఈ మైకు ఇంత ముఖ్యం కావడానికి కారణం ఇదే.

ఇక వచ్చేవాళ్ళ గురించి చెప్పాలంటే, ఏ కాలంలో ఎవరొస్తారో పంటల్ని బట్టి ఉండేది. సార్వా ఊడుపులప్పుడు, అంటే వానాకాలం వరి నాట్లప్పుడు, జనం పల్చగా ఉండేవారు, ఒళ్ళు హూనమైపోయి ఎవరు పాడతారు. దాళ్వా (రెండో పంట) కోతలై, కాలువలు కట్టేసి, ఎండలు ముదిరాయంటే ఇంక చూడాలి, అర్ధరాత్రి దాటినా పలక నిండుగా ఉండేది. కొబ్బరి ఒలుపు కార్మికులు, బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే మావయ్య, సన్నాయి నేర్చుకుంటున్న ఆయన కొడుకు, ఒక బుర్రకథ దళంలో వంత పాడి ఆ దళం విడిపోయాక గుమ్మెట ఇంట్లో పెట్టుకున్న ఇద్దరన్నదమ్ములు, రేవులో నావ నడిపేవాళ్ళు. నావవాళ్ళది ఒకటే బాధ, తెడ్డు లేకుండా వాళ్ళకి పాట రాదు. ఒకాయన ప్రతిసారీ ఒక వెదురు గడ తెచ్చుకునేవాడు, దాన్ని నేలకి ఆనించి వెనక్కి తోస్తూ పాడేవాడు, మైకు ఎక్కడో ఉంటే ఆయన ఎక్కడికో పోయేవాడు, ఒక కుర్రాడు స్టాండు పట్టుకుని ఆయన వెంట నడిచేవాడు.

హార్మోనియం మేష్టారు లేకపోతే ఇదంతా ఇన్నాళ్ళు నిలిచేది కాదు. పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో చేసి రిటైరయ్యారు, వయసులో ఉండగా నాటకాలకి వాయించారు. ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో పాడేవాళ్ళకే తెలియదు, కానీ మొదటి రెండు మాటలు వినపడేలోపు ఆయన వేలు సరైన మెట్టు (కీ) మీద ఉండేది. కుర్రాళ్ళు టెన్షన్‌లో మరీ పైకి ఎత్తేసుకుంటే, పల్లవి అవ్వగానే ఆపి, “ఓ రెండు మెట్లు దిగుదాం నాన్నా, పైన ఏముంది” అనేవారు. ఎవర్నీ అపశ్రుతి అన్న మాట అనగా వినలేదు నేను.

ఆడవాళ్ళు మొదట్లో మైకు దాకా వచ్చేవాళ్ళు కాదు. దూరంగా కాలువ గట్టు మీద కూర్చుని వినేవాళ్ళు. బాబాయి భార్యని మేం పిన్ని అనేవాళ్ళం, ఆవిడ ఒకరోజు “వాళ్ళు రాకపోతే మైకే వెళ్తుంది” అని చెప్పి, ఉన్న వైరంతా విప్పించి మైకుని గట్టు మీదకి పంపించింది. ఊడుపుల్లో పాట ఎత్తే అత్త ఒకావిడ ఉండేది, ముఠాలో ఆవిడ ఒక చరణం అంటే మిగతా పదిహేను ఇరవై మందీ అందుకునేవాళ్ళు. అందరూ కలిసి మైకు ఆవిడ చేతిలో పెట్టారు. నిలబడి మొదలుపెట్టింది, కుదరలేదు, ఆపేసింది. రోజంతా ఒంగి నాటుతూ పాడే పాట కదా, నిటారుగా నిలబడితే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియలేదు. అప్పుడు గట్టు మీద గొంతుక్కూర్చుని, ముందుకి వంగి, కుడిచేత్తో నారు గుచ్చుతున్నట్టే నేలని తడుతూ మళ్ళీ ఎత్తుకుంది. ఆ చేతి దెబ్బ కూడా మైకులోంచి వినపడింది.

నేను ఆ టైముకి మేష్టారి పక్కన కూర్చుని ఉన్నాను కాబట్టి ఆయన చేతులు చూశాను. పాటలో ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. సరిగమల్లో ‘గ’ రెండు రకాలు, ముందు కింది మెట్టు సాధారణ గాంధారం నొక్కారు, కలవలేదు. దాని పై మెట్టు అంతర గాంధారం నొక్కారు, అదీ కాదు. ఆవిడ గొంతు ఆ రెండు మెట్ల మధ్య ఎక్కడో నిలబడింది, ప్రతి చరణంలోనూ సరిగ్గా అక్కడికే వచ్చి నిలబడుతోంది. మేష్టారు మిగతా మెట్లన్నీ వదిలేసి, షడ్జమం (‘స’) ఒక్కటే పట్టుకుని, ఎడం చేత్తో తిత్తి ఊదుతూ పాట అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అయ్యాక నాతో అన్నారు, “ఆ స్వరం నా పెట్టెలో లేదురా.” ఆలిండియా రేడియో వాళ్ళు 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా దగ్గరికి రానివ్వలేదని అప్పుడే చెప్పారు. బిగించిన మెట్ల వాయిద్యం, స్వరాన్ని ఊపే మన గమకాలు పలకవు అన్నది అప్పట్లో పెద్దల వాదన. హార్మోనియంతోనే బతికిన మనిషి ఆయన, ఆ నిషేధం మీద కోపం కూడా ఉండేది, అయినా ఆ ఒక్క రాత్రి వాళ్ళ మాటలో నిజం ఉందని ఒప్పుకున్నారు.

ఆ రోజు బాబాయి టేపు తిప్పాడు. అందరూ పాడటం అయిపోయాక అత్త పాటని బాకాలోంచి వినిపించాడు. తన గొంతు తను వినడం ఆవిడకి అదే మొదలు. “ఇది నేనేంటే?” అని పక్కావిణ్ణి మూడుసార్లు అడిగింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది. మరుసటి వారం పలక మీద పేరు ఆవిడే రాయించుకుంది.

పాత పాటలే కాదు, కొత్తవీ పుట్టేవి. 1986 ఆగస్టులో వచ్చిన వరద మా తరం వాళ్ళెవరూ మర్చిపోరు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. లంకలన్నీ మునిగాయి. నీళ్ళు తీసిన కొన్ని వారాలకి లంక నుంచి వచ్చిన ఒకాయన దాని మీద పాట కట్టుకొచ్చాడు:

గుమ్మం దాటి గోదారొచ్చె, గిన్నెలు తేలె సెల్లెమ్మా
అటక మీద అమ్మమ్ముంటే పడవే రాలే సెల్లెమ్మా

చాలా పొడుగు పాట, నాకు గుర్తున్నది ఈ ముక్క మాత్రమే. 1995 జనవరిలో పాశర్లపూడి చమురు బావిలో గ్యాసు ఎగజిమ్మి మంటలు లేచినప్పుడు కూడా అంతే. 65 రోజులు ఆరలేదు ఆ మంట. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా కనపడేది, మా మైకు దగ్గర లైటు లేకపోయినా మొహాలు తెలిసేవి. దాని మీద బుర్రకథ అన్నదమ్ములు వారానికో చరణం కలుపుతూ పోయారు, మంట ఆరేసరికి అది అరగంట కథ అయింది.

విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేటు దగ్గర బ్లూస్ కేసెట్లు ఉండేవి, అమెరికాలో నల్లజాతి వాళ్ళ పాటలు. వాడికి పిచ్చి. నాకు ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కాదు, కానీ ఒకరోజు ఒక పాటలో గాయకుడి గొంతు ఒక స్వరం మీద వాలగానే మేష్టారి చెయ్యి ఆగిపోవడం కళ్ళ ముందు కనపడింది. అదే గాంధారం, రెండు మెట్ల మధ్యది. గిటారు వాయించేవాళ్ళు సీసా మెడ ముక్కో, కత్తో తీగ మీద జారుస్తూ ఆ స్వరాన్ని పట్టుకుంటారని వాడు చెప్పాడు. పాట నడక కూడా చెప్పాడు, ఒక వాక్యం పాడి, మళ్ళీ అదే పాడి, మూడో దానితో జవాబు చెప్పడం. దాని వెనక పొలాల్లో పనిచేస్తూ ఒకరు అరిస్తే ఇంకొకరు అందుకున్న కేకలున్నాయి. వాళ్ళూ డెల్టా వాళ్ళే. మిసిసిపీ, యాజూ నదుల మధ్య పల్లపు నేల అది, అంతా పత్తి. బానిసత్వం చట్టంలో పోయాక కూడా కౌళ్ళల్లో, అప్పుల్లో కూరుకుపోయిన నల్లజాతి కుటుంబాల పాట. 1927లో మిసిసిపీకి మహా వరద వస్తే దాని మీదా ఎన్నో పాటలు కట్టారు. ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు, మా లంక పాట ఎవరు దాచారా అని.

వాళ్ళకి దాచిన వాళ్ళున్నారు. 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ అనే ఆయన అమెరికా వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున రికార్డింగ్ మిషను వేసుకుని ఆ డెల్టాకి వెళ్ళి, ఒక ఎస్టేటులో ట్రాక్టరు నడిపే కుర్రాడి ఇంట్లో ఆ కుర్రాడి పాటలు రికార్డు చేశాడు. ఆ కుర్రాడు మడ్డీ వాటర్స్. యంత్రంలోంచి తన గొంతు తను విన్నాకే తను కూడా పాటగాణ్ణని నమ్మకం కలిగిందని తర్వాత చెప్పుకున్నాడు. రెండేళ్ళకి చికాగో వెళ్ళిపోయి ప్రపంచం వినే మనిషి అయ్యాడు. మా అత్తకి ఆ నమ్మకం కలిగింది, వినే ప్రపంచం మాత్రం వంతెన దాటలేదు.

మన దగ్గర సేకరించిన వాళ్ళు లేరని కాదు. రాజమండ్రి ప్రాంతంలో నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి జానపద గేయాలు రాసుకున్నారు, ఆయన చేసిన పనికి దణ్ణం పెట్టాలి. కానీ కాగితం మీద మాట నిలుస్తుంది, ఆ గాంధారం నిలవదు. మా కోనసీమ గొప్పలు చెప్పుకునేటప్పుడు బాలమురళీకృష్ణ గారు 1930లో శంకరగుప్తంలో పుట్టారని అందరం చెప్తాం, చెప్పుకోవాల్సిందే. ఆ శంకరగుప్తం చుట్టుపక్కల చేలల్లో ఆ రోజుల్లో ఊడుపు పాట ఎలా ఉండేదో వినిపించే టేపు ఒకటి ఉంటే ఎంత బాగుండేదో అని నా బాధ.

1996 నవంబరు 6 తుఫాను తర్వాత మైకు తగ్గిపోయింది. కొబ్బరి తోటలు తోటలే పడుకున్నాయి, బాబాయి షాపు రేకులు లేచిపోయి, రెండు బాకాలు కాలువలో దొరికాయి. నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. కరెంటు లేదు. అహూజా ఆంప్లిఫయరు పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద కూడా పనిచేస్తుంది, లారీ బ్యాటరీ ఒకటి తెచ్చి మిగిలిన బాకాకి తగిలించాడు. పగలంతా బియ్యం ఎక్కడ ఇస్తున్నారో, మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాంట్లోనే చెప్పారు. లక్ష్మివారం రాత్రి పలక మీద ఒక్క పేరూ లేదు. మేష్టారి హార్మోనియం తడిసిపోయింది. చర్చి అన్న డోలక్ లేకుండా వచ్చి, ఖాళీ కిరోసిన్ డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు, నావ ఆయన ఏదో హైలెస్సా అందుకున్నాడు, అంతే, మిగతావాళ్ళు ఒక్కొక్కరూ కలిశారు. అది కచేరీ అని ఎవరూ అనుకోలేదు, ఒకళ్ళ పక్కన ఒకళ్ళు కూర్చోవడానికి అదొక సాకు.

తర్వాత కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది. కొబ్బరి పని పోయి దింపు కుర్రాళ్ళు హైదరాబాదు వెళ్ళారు. మా వైపు ఎంతోమంది ఆడవాళ్ళలాగే అత్త కూడా ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. ఇళ్ళల్లోకి కేబుల్ వచ్చింది. మేష్టారు పోయారు, ఆ తర్వాత బాబాయి. వాళ్ళబ్బాయి ఇప్పుడు డీజే బాక్సులు అద్దెకిస్తున్నాడు, మంచివాడు, వ్యాపారం బాగుంది. పోయిన సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి వస్తూ వాళ్ళింట్లో ఆగితే, పిన్ని అటక మీద నుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి దింపించి నా చేతిలో పెట్టింది. నిండా కేసెట్లు. బాబాయి రాతలో తేదీలు, కొన్నిటి మీద పేర్లు, కొన్నిటి మీద ఏమీ లేదు.

ఇప్పుడు వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను, నేర్చుకున్న రెండు మూడు విషయాలు చెప్తాను, ఎందుకంటే మన వైపు ఇలాంటి డబ్బాలు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. పెళ్ళి కేసెట్లనీ, భజన కేసెట్లనీ పారేయకండి, వాటి చివర్లలో ఎవరో అమ్మమ్మ పాడిన పాట ఉండొచ్చు. దొరకగానే ప్లేయర్లో వేసేయకండి. మన తేమకి టేపు మీద తెల్లగా బూజు పడుతుంది, అలాగే తిప్పితే ప్లేయరు హెడ్డు పాడవుతుంది, టేపు కూడా తెగొచ్చు, ముందు తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి. కేసెట్ మధ్యలో చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, పాతవాటిలో జిగురు వదిలి ఊడిపోతుంది, అది లేకపోతే శబ్దం సన్నబడిపోతుంది, పాట పోయిందని అనుకోకండి, ఇంకో కేసెట్‌లోది తీసి అతికిస్తే మళ్ళీ వస్తుంది. వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, పొరపాటున పైన వేరేది రికార్డవకుండా ఉంటుంది. అన్నిటికంటే ముందు, ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ పక్కన కూర్చుని వినిపించి పేరు, ఊరు, ఏ పనిలో పాడేవాళ్ళో రాసుకోండి. అత్త కువైట్ నుంచి వచ్చేసి కొడుకు దగ్గర ఉంటోందని తెలిసింది. వచ్చే వారం ఫోనూ, స్పీకరూ పట్టుకుని వెళ్తున్నాను, పేరు లేని కేసెట్లలో కనీసం సగం గొంతులు ఆవిడ చెప్పగలదు.